నూనె మడ్డిలో మందు సరుకు

2021 మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో ఎవరి నోట విన్నా ఒకటే మందు పేరు: ఆంఫోటెరిసిన్-బి. కోవిడ్ నుంచి బయటపడ్డామని ఊపిరి పీల్చుకున్నవాళ్ళలో కొందరికి, ముఖ్యంగా షుగర్ ఎక్కువగా ఉండి స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి, బ్లాక్ ఫంగస్ సోకింది. ముక్కులో మొదలై కంటికి, అక్కడి నుంచి మెదడుకి పాకే జబ్బు అది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ రోగులకు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆసుపత్రిలో పడక దొరికినవాళ్ళకు కూడా ఇంజెక్షన్ దొరకలేదు. ఆ నెల మూడో వారంలో కేంద్రం మరో 5 కంపెనీలకు తయారీ లైసెన్సులు ఇచ్చింది. వాటిలో హైదరాబాద్ నాట్కో ఒకటి. లైసెన్సు కాగితం ఒక్కరోజులో వస్తుంది, సరుకు అలా రాదు. మందును మోసే కొవ్వు పదార్థాలకు, అంటే లిపిడ్లకు, దేశమంతటా కరువు వచ్చింది.

ఆ ఇంజెక్షన్ పూర్తి పేరు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి. అసలు మందు పాతదే. వెనెజువెలాలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1950ల్లో తీశారు. ఫంగస్‌ను గట్టిగా చంపుతుంది, దాంతోపాటు రోగి మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ తగ్గించడానికి మందును 100 నానోమీటర్ల కన్నా చిన్నవైన కొవ్వు బుడగల గోడల్లో ఇరికిస్తారు. ఆ బుడగే లైపోసోమ్. ఈ రూపంలో మందు అమెరికాలో 1997లో అనుమతి పొందింది.

సీసాలో ఏముందో చూస్తే విషయం తేటపడుతుంది. మందు 50 మిల్లీగ్రాములు. దానికి తోడు హైడ్రోజన్ పట్టించిన సోయా ఫాస్ఫాటిడైల్‌కోలిన్ 213 మిల్లీగ్రాములు, డీఎస్‌పీజీ అనే మరో ఫాస్ఫోలిపిడ్ 84 మిల్లీగ్రాములు, కొలెస్ట్రాల్ 52 మిల్లీగ్రాములు. మొత్తం కొవ్వు 349 మిల్లీగ్రాములు, మందుకు దాదాపు 7 రెట్లు. ఈ జబ్బుకు మామూలుగా కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాముల మందు ఇస్తారు. 60 కిలోల మనిషికి రోజుకి 6 సీసాలు పడతాయి. నాలుగు వారాలు వాడితే ఒంట్లోకి పోయే లిపిడ్లు 58 గ్రాములకు పైమాటే.

ఇప్పుడు దేశం లెక్క చూద్దాం. 2021 జులై మధ్య నాటికి దేశంలో బ్లాక్ ఫంగస్ కేసులు 45 వేలు దాటాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ప్రతి ఒక్కరికీ నాలుగు వారాల మందు ఇచ్చి ఉంటే కావలసిన లిపిడ్లు సుమారు 2,600 కిలోలు. ఒక చిన్న లారీకి సరిపడే సరుకు! ఇందులో సగానికి పైగా ఉండే ఫాస్ఫాటిడైల్‌కోలిన్‌కు మూలం సోయా నూనె శుద్ధి చేసేటప్పుడు వచ్చే మడ్డి. రోజుకి 500 టన్నుల ముడి సోయా నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలో, 2 శాతం చొప్పున వేసుకున్నా, రోజుకి 10 టన్నుల ఫాస్ఫోలిపిడ్లు మడ్డిలో బయటికి వస్తాయి. ముడిసరుకు లేక ఎవరూ చనిపోలేదు. శుద్ధి చేసే ఏర్పాటు మనకు చాలినంత లేక చనిపోయారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ లెక్కే.

*

కనకాలపేట యానాం చుట్టూ ఉన్న ఊళ్ళలో ఒకటి. గౌతమీ గోదావరి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ మధ్యలో ఇమిడిపోయిన పుదుచ్చేరి ముక్క యానాం. చుట్టూ గోదావరి నీళ్ళతో పండే వరి. అక్కడి నుంచి 30 కిలోమీటర్ల దూరంలో కాకినాడ రేవు, దాని పక్కన వాకలపూడి వైపు వంటనూనె రిఫైనరీలు. ఓడల్లో దిగిన ముడి నూనె ట్యాంకుల్లోకి, అక్కడి నుంచి యంత్రాల్లోకి పోతుంది. లిపిడ్లను వేరుచేసే పని మనకు ఎక్కడో విదేశీ ప్రయోగశాలలో జరిగేదిలా అనిపిస్తుంది కానీ, దాని మొదటి మెట్టు ఇలాంటి ఫ్యాక్టరీల్లో పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది.

గానుగలో ఆడినా సాల్వెంట్‌తో తీసినా, గింజ నుంచి నూనె ఒంటరిగా రాదు. దాంతోపాటు ఫాస్ఫోలిపిడ్లూ వస్తాయి. గింజలోని ప్రతి కణం పొరా ప్రధానంగా వీటితోనే కట్టి ఉంటుంది కాబట్టి ఇవి తప్పవు. ఒక్కో అణువుకు ఒక తల, రెండు తోకలు. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకలకు నూనె అంటే ఇష్టం. ముడి నూనెలో నీళ్ళు లేనంతసేపూ ఇవి కరిగి, కంటికి కనపడకుండా ఉంటాయి. నీటి తడి తగిలితే జిగురులా ఉబ్బి అడుగుకు దిగుతాయి. పాత నూనె డబ్బా అడుగున పేరుకునే మడ్డిలో ఇదీ ఉంటుంది. రిఫైనరీ భాషలో దీని పేరు గమ్, దాన్ని తీసేయడం డీగమ్మింగ్.

పద్ధతి చెప్పడానికి తేలిక. ముడి నూనెను 70 డిగ్రీల దాకా వేడిచేసి, 2 శాతం దాకా నీళ్ళు కలిపి, కాసేపు తిప్పుతారు. ఫాస్ఫోలిపిడ్ల తలలు నీటిని పట్టుకుంటాయి. అణువులు గుంపులు కట్టి నూనెలో ఇమడలేని జిగురు చుక్కలవుతాయి. కాల్షియం, మెగ్నీషియం పట్టుకున్న కొన్ని మొండి ఫాస్ఫోలిపిడ్లు నీటికి లొంగవు, వాటికోసం సిట్రిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో కొద్దిగా వేస్తారు. ఇక మిగిలింది నూనె నుంచి చుక్కల్ని విడదీయడం. గుండ్రంగా తిప్పి విడదీసే యంత్రం సెంట్రిఫ్యూజ్ పని ఇక్కడే మొదలవుతుంది.

విడదీయకుండా ట్యాంకులో వదిలేస్తే ఏమవుతుంది? 10 మైక్రాన్ల చుక్కను తీసుకోండి. మిల్లీమీటరులో నూరో వంతు. చుక్కకీ నూనెకీ బరువులో తేడా లీటరుకి 80 గ్రాములనుకుందాం. వేడి నూనె చిక్కదనం నీటికన్నా పదిరెట్లకు పైనే ఉంటుంది. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త స్టోక్స్ ఇచ్చిన సూత్రంలో ఈ అంకెలు వేస్తే ఆ చుక్క గంటకి సుమారు ఒక మిల్లీమీటరు దిగుతుంది. మూడు మీటర్ల ట్యాంకు అడుగుకి చేరడానికి నాలుగు నెలలు. ఈలోగా నూనె కంపు కొడుతుంది, మడ్డి పులుస్తుంది.

భూమి లాగే బలం పెంచడం మన చేతిలో లేదు. గుండ్రంగా తిప్పడం మాత్రం మన చేతిలో ఉంది. తీర్థంలో గొలుసుల రంగులరాట్నం వేగం పుంజుకున్న కొద్దీ కుర్చీలు బయటికి ఎగసినట్టే, తిరిగే పాత్రలో ప్రతి చుక్కా అంచు వైపుకు పోవాలని చూస్తుంది. బరువైనది ముందు పోతుంది. 50 సెంటీమీటర్ల వెడల్పున్న బౌల్‌ను నిమిషానికి 4,800 సార్లు తిప్పితే అంచు దగ్గర బలం భూమ్యాకర్షణకు దాదాపు 6,400 రెట్లు అవుతుంది. 10 గ్రాముల జిగురు అక్కడ 64 కిలోల బరువుతో అంచును నొక్కుతుంది. గంటకి మిల్లీమీటరు కదిలిన చుక్క ఇప్పుడు సెకనుకి దాదాపు రెండు మిల్లీమీటర్లు కదులుతుంది.

అంత మాత్రాన సరిపోదు. నూనె ఆగకుండా పారుతూ ఉండాలి, గంటకి టన్నుల లెక్కన. చుక్క బౌల్ మధ్య నుంచి అంచు దాకా చేరేలోపే నూనె దాన్ని బయటికి మోసుకుపోతుంది. ఈ చిక్కు విప్పిన ఆలోచన నాకు యంత్రశాస్త్రంలో ఎంతో ఇష్టమైన వాటిలో ఒకటి. స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావల్ 1878లో పాల నుంచి మీగడ తీసే సెపరేటర్ తయారుచేశాడు. మీగడ అంటే లిపిడే కదా! పదేళ్ళ తరవాత జర్మనీకి చెందిన క్లెమెన్స్ ఫాన్ బెఖ్తోల్స్‌హైమ్ ఆ బౌల్ లోపల శంఖు ఆకారపు పల్చటి డిస్కుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చాలన్నాడు. డిస్కుకీ డిస్కుకీ నడుమ సందు అర మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. చుక్క ఇప్పుడు అంచు దాకా పోనక్కర్లేదు. ఆ అర మిల్లీమీటరు దాటి పై డిస్కుకు తగిలితే చాలు, దాని వెంట జారి బయటికి పోతుంది. అందుకు సెకనులో మూడో వంతు కూడా పట్టదు. నాలుగు నెలల పని కనురెప్పపాటులో అయిపోతుంది. నేటి రిఫైనరీల్లో తిరిగే సెపరేటర్లు ఆ రెండు ఆలోచనల కలయికే.

సెపరేటర్ రెండు ధారల్ని ఇస్తుంది. తేలిక ధార నూనె, బరువు ధార గమ్. గమ్‌లో సగం దాకా నీళ్ళుంటాయి. వెంటనే పల్చటి పొరగా పరిచి, గాలి తీసేసిన పాత్రలో ఆరబెట్టకపోతే కుళ్ళిపోతుంది. చాలా చోట్ల దీన్ని సబ్బు సరుకులోనో పశువుల దాణాలోనో కలిపేస్తారు. ఆరబెట్టి అమ్మితే అదే లెసిథిన్. చాక్లెట్ పొట్లం మీద చిన్న అక్షరాల్లో కనిపించేది ఇదే.

ఈ లెసిథిన్‌ను మొదట వేరుచేసింది నూనె వ్యాపారులు కారు, మందుల మనిషి. పారిస్ ఫార్మసిస్టు తెయోడోర్ గోబ్లే 1840ల్లో కోడిగుడ్డు పచ్చసొన నుంచి తీశాడు, 1850లో దానికి ఈ పేరు పెట్టాడు. పచ్చసొనలో దాదాపు పదో వంతు ఫాస్ఫోలిపిడ్లే. తూర్పు గోదావరి కోళ్ళఫారాల నుంచి బయలుదేరే గుడ్ల లారీలు చూసినప్పుడల్లా నాకు ఈ అంకె గుర్తొస్తుంది. ఆపరేషన్‌కు ముందు మత్తు కోసం నరంలోకి ఎక్కించే పాలలాంటి తెల్లటి మందు ప్రోపోఫాల్. ఆ తెలుపు మందుది కాదు. అందులో 10 శాతం సోయా నూనె, ఆ నూనెను నీటిలో సన్నటి తుంపరలుగా నిలిపి ఉంచే 1.2 శాతం గుడ్డు లెసిథిన్ ఉంటాయి. తినలేని రోగికి రక్తంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం కూడా ఇదే కూర్పు మీద 1960ల మొదట్లో స్వీడన్‌లో పుట్టింది. ఆసుపత్రిలో ఏదో ఒకనాడు మనలో చాలామంది ఒంట్లోకి లెసిథిన్ వెళ్ళే ఉంటుంది.

*

మిల్లు లెసిథిన్ నుంచి ఇంజెక్షన్ లెసిథిన్ దాకా ఎంత దూరం? చాలా దూరం. ఇక్కడ సెంట్రిఫ్యూజ్ చేయలేని పని ఒకటి చెప్పాలి. అది ఒకదానిలో ఒకటి కరగని వాటినే విడదీస్తుంది. నూనెలో చుక్క, ద్రవంలో గుండ, ఇలా హద్దు ఉన్నచోటే దాని బలం పనిచేస్తుంది. గమ్‌లో ఫాస్ఫాటిడైల్‌కోలిన్, దాని చుట్టాలైన మరి మూడు నాలుగు ఫాస్ఫోలిపిడ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఎన్ని వేల రెట్ల బలంతో తిప్పినా అవి విడిపోవు. అందుకే ముందు రసాయనంతో హద్దు సృష్టించాలి, ఆ తరవాత సెంట్రిఫ్యూజ్‌కు ఇవ్వాలి. ఈ పరిశ్రమ కిటుకంతా ఇందులో ఉంది.

అసిటోన్ పోస్తే నూనె దానిలో కరుగుతుంది, ఫాస్ఫోలిపిడ్లు కరగక గుండగా పడిపోతాయి. ఆ గుండను మళ్ళీ సెంట్రిఫ్యూజ్‌తో తీస్తారు. హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఎవరినడిగినా బాస్కెట్ సెంట్రిఫ్యూజ్ గురించి చెబుతారు: చిల్లుల బుట్ట, లోపల గుడ్డ, తిరుగుతుంటే ద్రవం బయటికి, గుండ లోపల. అసిటోన్ ఆవిరికి నిప్పురవ్వ చాలు కాబట్టి లోపల గాలి బదులు నత్రజని నింపి తిప్పుతారు. ఆ నత్రజని విషయంలో అశ్రద్ధ ప్రాణాలు తీస్తుంది. పని నేర్చుకునే కుర్రాళ్ళకు మొదటి రోజే నేర్పవలసిన పాఠం అది. తరవాత ఆల్కహాల్. ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అందులోకి ఎక్కువగా కరిగి వస్తుంది, తక్కిన చుట్టాలు చాలావరకు వెనకబడతాయి. ఆపైన సిలికా నింపిన గొట్టాల గుండా పంపి మిగతా వాటినీ తీసేస్తారు.

చివరిది హైడ్రోజన్ పట్టించడం. సోయా కొవ్వు తోకలు వంకర్లు తిరిగి ఉంటాయి. హైడ్రోజన్ చేరితే నిటారవుతాయి. నిటారైన తోకలు పక్కపక్కనే ఒత్తుగా సర్దుకుంటాయి కాబట్టి బుడగ గోడ 50 డిగ్రీలు దాటేదాకా మెత్తబడదు. రోగి ఒంటి వేడి 37 డిగ్రీలే. అందుకే మందు దారిలో కారిపోకుండా గోడలో ఉండి, ఫంగస్ దాకా చేరుతుంది. తోకల్లో ఒక రకం కాస్త ఎక్కువైనా గోడ స్వభావం మారిపోతుంది. ఔషధ నియంత్రణ అధికారులు అంత గట్టిగా ఉండేది ఇందుకే. 2021లో మన దేశంలో ఇంజెక్షన్‌కు పనికొచ్చే లిపిడ్లు చేసేవాళ్ళలో ముంబైకి చెందిన వీఏవీ లైఫ్ సైన్సెస్ పేరే ప్రధానంగా వినిపించింది. తక్కినదానికి యూరప్ వైపు చూడవలసి వచ్చింది. అదే ఏడాది ఎంఆర్‌ఎన్ఏ టీకాల కోసం ప్రపంచమంతా లిపిడ్ల వెంట పడింది. ఆ టీకాలూ నాలుగు రకాల లిపిడ్ల బుడగల్లోనే ఒంట్లోకి వెళతాయి.

సీసాలోని మూడో కొవ్వు కొలెస్ట్రాల్ కథా ఇలాంటిదే. గొర్రెల ఉన్ని కడిగిన మురికి నీళ్ళను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఉన్ని కొవ్వు విడివడుతుంది. మందుల పరిశ్రమ వాడే కొలెస్ట్రాల్‌లో చాలా భాగం దాని నుంచి వచ్చేదే. చేప నూనె కూడా అంతే. చేపల్ని ఉడికించి, పిండి, ఆ రసాన్ని ముందు డికాంటర్ అనే మరో రకం సెంట్రిఫ్యూజ్‌లో, తరవాత డిస్కుల సెపరేటర్‌లో తిప్పి నూనె తీస్తారు. దాని నుంచి శుద్ధి చేసిన ఐకోసాపెంట్ ఇథైల్‌ను హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2021లో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. గుండె జబ్బు ముప్పుకు దీని మేలెంతో శాస్త్రవేత్తల్లో ఇంకా వాదం నడుస్తోంది. డాక్టరు రాస్తేనే వాడవలసిన మందు, పులస పులుసుకు బదులు కాదు.

*

మళ్ళీ గోదావరి వరి చేల దగ్గరికి వద్దాం. కాకినాడ రేవులో దిగే పామాయిల్‌లో ఫాస్ఫోలిపిడ్లు లేనట్టే లెక్క, దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. తవుడు అలా కాదు. 75 కిలోల ధాన్యం బస్తా ఆడిస్తే 5, 6 కిలోల తవుడు, దాని నుంచి సుమారు కిలో నూనె, అందులో 15 గ్రాముల దాకా ఫాస్ఫోలిపిడ్లు. వీటిలో ఫాస్ఫాటిడైల్‌కోలిన్ మూడో వంతు అనుకుంటే 5 గ్రాములు. బ్లాక్ ఫంగస్ రోగికి రోజుకి పట్టేది గ్రాముంపావు.

ఈ లెక్క చూసి రేపే తవుడుతో ఇంజెక్షన్ చేసేయవచ్చని అనుకోవద్దు. తవుడు కొవ్వు తోకల్లో పొట్టివి సోయాలో కన్నా ఎక్కువ, కాబట్టి గోడ వేరేగా ప్రవర్తిస్తుంది. అనుమతి పొందిన కూర్పులో సోయా తీసి తవుడు పెట్టడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. పైగా తవుడులో లైపేజ్ అనే ఎంజైమ్ మిల్లులో బియ్యం తెల్లబడిన క్షణం నుంచే నూనెను ముక్కలు చేయడం మొదలుపెడుతుంది. గంటల్లోనే వేడిచేసి దాన్ని ఆపకపోతే మంచి సరుకు రాదు. నోటితో మింగే మందుల్లో, చర్మానికి రాసే లేపనాల్లో, పరీక్షలన్నీ దాటిన తరవాత కొత్త కూర్పుల్లో తవుడు లెసిథిన్‌కు చోటు దొరకవచ్చు. ఇంజెక్షన్ సోయా లెసిథిన్ కావాలంటే సోయా గింజ నుంచే రావాలి, అది కూడా ఈ దేశంలో పండేదే.

నూనెల, లిపిడ్ల పనిలో మనవాళ్ళకు అనుభవం తక్కువేం లేదు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ 1944లో పుట్టింది. నూనెల పరిశోధన దాని తొలినాళ్ళ నుంచీ ఉంది. మన ఆహార చరిత్ర రాసిన కె.టి.అచ్చయ్య అక్కడ నూనెల శాస్త్రవేత్తగానే రెండు దశాబ్దాలు పనిచేశారు. ఆర్.బి.ఎన్.ప్రసాద్ నేతృత్వంలో అక్కడి లిపిడ్ శాస్త్రవేత్తలు తవుడు నూనెకు ఎంజైమ్‌తో డీగమ్మింగ్ చేసే పద్ధతి సాధించి పరిశ్రమకు అందించారు. ఎంజైమ్ ఫాస్ఫోలిపిడ్ తోకల్లో ఒకదాన్ని కత్తిరిస్తుంది. అప్పుడు గమ్ నూనెను తనతో పట్టుకుపోదు, మిల్లుకు నూనె ఎక్కువ మిగులుతుంది. నూనె కోసం చూస్తే ఇది గొప్ప మేలు. మందు కోసం చూస్తే రెండు తోకలూ ఉండాలి, కత్తిరించిన గమ్ పనికిరాదు. ఒకే సెపరేటర్ ముందు నిలబడి ఏ ధారను విలువైనదిగా చూస్తామన్న దాన్ని బట్టి ముందు చేయవలసిన పని మారిపోతుంది. ఇన్నాళ్ళూ మన చూపు తేలిక ధార మీదే ఉంది.

బరువు ధార మీద కూడా చూపు పెట్టమని నా విన్నపం. నూనె రిఫైనరీలు నడిపేవాళ్ళు గమ్‌ను దాణాలో కలిపేముందు దానిలో ఏముందో ఒక్కసారి పరీక్ష చేయించాలి. మందుల కంపెనీలు ఏటా కొన్ని వందల కిలోల లిపిడ్లను ఇక్కడి తయారీదారుల నుంచే కొంటామని ముందే ఒప్పందం చేసుకోవాలి, ఆ భరోసా లేకుండా ఎవరూ కోట్లు పెట్టి శుద్ధి ప్లాంటు కట్టరు. రాష్ట్ర ప్రభుత్వాలు అత్యవసర మందుల నిల్వల్లో సీసాలతోపాటు వాటి లిపిడ్లనూ చేర్చాలి. యానాం, కాకినాడల్లో కెమికల్ ఇంజనీరింగ్, ఫార్మసీ చదువుతున్న పిల్లలూ, మీ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటుంటే, దగ్గరి మిల్లుకు వెళ్ళి ఒక సీసాడు గమ్ అడిగి తెచ్చుకోండి. అసిటోన్, ఆల్కహాల్, ఒక చిన్న సెంట్రిఫ్యూజ్ కాలేజీ ల్యాబులోనే ఉంటాయి. మీ మాస్టారిని తోడు ఉంచుకుని, అసిటోన్‌కు నిప్పు సోకకుండా చూసుకుని మొదలుపెట్టండి.